మైనస్ పద్దెనిమిదిలో వియ్యం

చొక్కా లోపల, ఛాతీకి ఆనించి
మూడు బ్యాటరీలు పెట్టుకుంటాను.
చలికి అన్నిటికన్నా ముందు చచ్చేవి అవే.
కౌటోకైనోలో పెళ్లి ఫోటోలు తీసేవాడికి
సగం పని కోడిపెట్ట పనే.

ఇక్కడ మీటరును నమ్మకూడదు.
దాని కంటికి లోకమంతా బూడిద రంగు.
మంచును చూపిస్తే మసి పూస్తుంది,
నల్లటి మొహాన్ని చూపిస్తే సున్నం కొడుతుంది.
ఇవాళ రెండూ ఒకే చట్రంలో ఉన్నాయి:
చర్చి మెట్ల పక్కన మోకాలి లోతు మంచు,
ఓస్లో నుంచి రెండు వ్యాన్లలో దిగిన
పదకొండు మంది ఎరిట్రియా వాళ్లు,
ఒంటి మీద తెల్ల నూలు బట్టలు,
కాళ్లకు పెళ్లికూతురి వాళ్లు ఎరువిచ్చిన
రెయిన్‌డీర్ తోలు బూట్లు.
నా అరచేతిని చూసి కొలుచుకున్నాను వెలుగుని.

పెళ్లికొడుకు మెహారి, అల్టాలో బస్సు నడుపుతాడు.
రిస్టెన్ పశువుల డాక్టరు.
ఎలా కలిశారని నేనడగలేదు.
బస్సుకు అడ్డంగా మంద వచ్చిందని
ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు.

అసలు తగువు ఈస్టరుతో వచ్చింది.
మా సామీ వాళ్లకు ఈస్టరంటేనే పెళ్లిళ్లు,
మందలు తీరం వైపు కదలక ముందే.
వాళ్లకేమో ఇంకా ఉపవాసాల రోజులు.
"ఉపవాసాల్లో పెళ్లేమిట్రా" అని
లెతెబ్రహాన్ మూడు వారాలు కొడుకుతో మాట్లాడలేదట.
వచ్చింది. మాంసం ముట్టలేదు.
బిరెత్ అమ్మమ్మ ఆప్యాయంగా
కాఫీలో జున్నుముక్క వేసి ఇస్తే
కప్పును చూసింది, ఆవిణ్ణి చూసింది,
కిటికీ గట్టు మీద పెట్టేసింది.
అది తీశాను.
ఆల్బంలో పెట్టను.

గ్రూపు ఫోటోకి నిచ్చెనెక్కాను.
ఎడమవైపు నీలం, ఎరుపు, వెండి.
కుడివైపు తెలుపు.
నడుమ కొత్త జంట, వాళ్లకు అటూ ఇటూ
ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత జాగా.
"ఇంకాస్త దగ్గరికి" అన్నాను సామీలో.
మావాళ్లు మావాళ్లకే దగ్గరయ్యారు.
నార్వేజియన్‌లో అన్నాను.
వాళ్లు వాళ్లకే దగ్గరయ్యారు.
తిగ్రిన్యాలో ఆ మాట పొద్దున పెళ్లికొడుకు నేర్పాడు;
నా నోట అదేం మాటయిందో గాని
వెనక వరస పిల్లలు పడీ పడీ నవ్వారు.

అప్పుడు నది మీంచి గాలి లేచింది.
లెతెబ్రహాన్ పల్చటి పైట ఎగిరి
అమ్మమ్మ గుండెల మీది వెండి పతకానికి తగులుకుంది.
పతకం నిండా గోరంత రేకులు,
ప్రతి రేకుకీ ఒక దారప్పోగు.
లాగితే చిరుగుతుంది.
లాగకపోతే నిలబడాల్సిందే,
ఒకరి ఊపిరి ఇంకొకరికి తగిలేంత దగ్గర.
చేతి తొడుగులు తీసేశారు ఇద్దరూ.
ఎనభై ఏళ్ల వేళ్లు, యాభై దాటిన వేళ్లు.
అమ్మమ్మ సామీలో ఏదో గొణిగింది.
ముక్క అర్థం కాకపోయినా
లెతెబ్రహాన్ "ఊఁ" కొట్టింది.

ఐదు నిమిషాలు. రెండో బ్యాటరీ పోయింది.

చిక్కు వీడాక ఆవిడ తన వరసలోకి వెళ్లలేదు.
అక్కడే నిలబడి, సంచిలోంచి ఫోన్ తీసి,
తెర నా వైపు తిప్పి పట్టుకుంది.
కెరెన్‌లో ఆవిడ భర్త. వీసా రానివాడు.
సూటు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.
నాకు చెయ్యి ఊపాడు.
నొక్కాను.

సాయంత్రం గుడారంలో పక్కకొచ్చి అడిగింది:
"ఆయన పడ్డాడా?"
పెద్దది చేసి చూపించాను. ఇంకా పెద్దది చేశాను.
ఫోన్ తెర నిండా ఆకాశం,
ఆకాశంలో నిచ్చెన, నిచ్చెన మీద నేను,
తండ్రి ఉండాల్సిన చోట.
ఏం చెప్పాలో తోచక మంట వైపు చూశాను.
ఆవిడ కెమెరాకు ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.
"మా ఆయనకు ఇంత మీసం
ఎప్పుడొచ్చింది?" అంది,
ముక్కలు ముక్కలుగా నార్వేజియన్‌లో.

సెగ మీద ఆవిడ తెచ్చిన మట్టి కూజా,
దాన్ని ఆనుకుని అమ్మమ్మ మసి కెటిల్.
వాళ్ల లెక్కన కాఫీ మూడుసార్లు కాచాలి,
మూడోదే దీవెన.
ఆ మూడో కప్పు నాకిచ్చింది.
అమ్మమ్మ అలవాటు కొద్దీ జున్ను వెయ్యబోయి,
చెయ్యి గాల్లోనే ఆపి,
వియ్యపురాలి వైపు చూసింది.

"వెయ్యండి," అంది లెతెబ్రహాన్.
"అతను ఉపవాసం లేడుగా."