పదకొండుకి మూడు కలిపితే

నవంబరు. బ్రిస్టల్.
బెడ్మిన్‌స్టర్‌లో లాండ్రీ కొట్టు మీది గది.
కింద డ్రమ్ములు తిరుగుతుంటే
బల్ల మీద నా టీ కప్పులో సన్నటి వలయాలు.

ఏవన్‌మౌత్ రేవులో లారీలు తూచే యంత్రం
మూడు వారాల్లో నాలుగుసార్లు కొయ్యబారింది.
నింద ఒకసారి వాన మీదికి పోయింది,
ఒకసారి తీగల మీదికి,
రెండుసార్లు నైట్ డ్యూటీ క్లైవ్ మీదికి.
పాపం, అతను మీట కూడా ముట్టుకోలేదట.

తప్పు లోపలుంది. కెర్నెల్‌లో,
ప్రోగ్రాములు వచ్చి చోటడిగే గుమ్మం దగ్గర.
అక్కడ కాపలా ఒక్కటే వాక్యం:
మొదలెక్కడ? పొడవెంత? రెండూ కలుపు.
మొత్తం హద్దు లోపుంటే పోనీ.

బాగానే ఉంది కదా.
నేనూ పదిసార్లు చదివి బాగానే ఉందనుకున్నాను,
గోడ గడియారం వైపు చూసేదాకా.

రాత్రి పదకొండు. ఇంకో మూడు గంటల పని.
పదకొండుకి మూడు కలిపితే రెండు.
రెండు పదకొండు కన్నా చిన్నది.
అంటే మొదలుపెట్టకముందే ముగించేశానన్నమాట!

యంత్రంలో అంకెకీ ఒక చివరుంటుంది.
అది దాటితే మళ్ళీ సున్నా నుంచే.
ఎవడో ఆ చిట్టచివర నిలబడి
కొండంత పొడవు అడిగాడు.
మొత్తం గిర్రున తిరిగి గుప్పెడైంది.
గుప్పెడేగా, అని కాపలా తలుపు తీసింది.
కంచే చేను మేసిందంటారే,
ఇది అది కూడా కాదు.
కంచెకి లెక్కలు రావు, అంతే.

కూడికలో ఉన్న మోసం తీసివేతలో లేదనుకున్నాను.
హద్దులోంచి మొదలు తీసేస్తే మిగిలేది ఖాళీ.
అడిగింది ఆ ఖాళీలో పడుతుందా?
పాలు పోసేవాడు ముందు గిన్నెలోకి తొంగిచూసినట్టు.
ఒక్క లైను మార్చి పంపించి
కాస్త గర్వంగానే పడుకున్నాను.

పొద్దునకి మార్వెన్నా ట్రెగియర్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది.
"మొదలే హద్దు అవతలుంటే?"
అంతే రాసింది.

అవును.
ఇక్కడ లేనిదాంట్లోంచి తీస్తే అప్పు మిగలదు,
కుబేరుడి ఖజానా మిగులుతుంది.
ముందు మొదలెక్కడుందో చూడాలి,
ఆ తర్వాతే తీయాలి.
రెండు లైన్లు.

ఇంతకీ ఆ పాత వాక్యం ఎవరు రాశారా అని తవ్వాను.
పంతొమ్మిదేళ్ల కిందటి మార్చి,
తెల్లవారుజామున నాలుగూ పది.
కింద పేరు: ఎం. ట్రెగియర్.

గురువారం హార్బర్ ఒడ్డున, కాఫీ బండి దగ్గర,
నసుగుతూ ఆ మాట ఎత్తాను.
లాకు తలుపుల అవతల ఏవన్ అడుగంటి
బురద వెండిలా మెరుస్తోంది.
ఇవతల నీళ్లు మాత్రం ఎప్పటిలాగే నిండుగా.
ఆవిడ ఒక చేతి తొడుగు తీసి బిస్కెట్ విరిచింది.

"నాదే. ఆ నెల మా కవలలకి కోరింత దగ్గు.
ఒకడు పడుకుంటే ఒకడు లేచేవాడు.
అంత దూరం ఎవరు పోతార్లే అనుకున్నాం అప్పట్లో.
నా పేరు దాచకు.
తప్పు ఎక్కడ మొదలైందో చీటీలో రాయి.
తర్వాత వచ్చేవాళ్లకి దారి తెలియాలి."

బిస్కెట్‌లో సగం నాకిచ్చింది.
నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"సరే, ఒకడు సరిగ్గా హద్దు మీద నిలబడి
సున్నా అడిగాడనుకో?"

ఏమీ అడగనివాడు.
గడప మీదున్నాడు.
లోపలి వస్తువు ఒక్కటీ ముట్టుకోడు.
రానివ్వాలా? పొమ్మనాలా?

ఆ ఆలోచనలో బస్సులో
రెండు స్టాపులు దాటిపోయాను.
వానలో వెనక్కి నడిచొచ్చాను.

చీటీ ఇంకా పంపలేదు.
కింద డ్రమ్ములు తిరుగుతున్నాయి.
పరీక్షల పట్టీలో
ఆఖరి గడి ఒక్కటి ఖాళీగా ఉంది.