కేజీ నూట పది

జగ్గరాజు గారు అట్టపెట్టె విప్పి
నా ముందుకు తోశారు.
"పదిహేను రోజులు వాడి చూడమ్మా మణీ.
మన ఉప్పుగాలికి ఆగితే పన్నెండు కొందాం,
ఫీల్డు వాళ్లందరికీ."
ఆగితే అన్నారు, బాగుంటే అనలేదు.
ముప్పై ఏళ్లు రొయ్యతో బతికిన మనిషికి
ఏదైనా ముందు ఆగాలి.

బరువు అట్ట మీద రాసే ఉంది.
అయినా ఆకివీడు షెడ్డులో దావీదు
దాన్ని కాటా మీద పెట్టాడు.
కేజీ నూట పది.
"ముప్పై కౌంటయితే ముప్పై మూడు రొయ్యలండీ"
అని నవ్వి, అలవాటు కొద్దీ
"తడికి ఎంత తీసేయమంటారు?" అన్నాడు.

పాత లాప్‌టాప్‌ని నేనెప్పుడూ తూచలేదు.
నా ఎడమ భుజం తూచింది.
ఆరేళ్లుగా అక్కడ సంచీ పట్టీ గీసిన గీత
స్నానం చేసినా పోదు.

నివేదిక మొదలుపెట్టాను.
కీలు బిగువు. మూత ఒక్క వేలితో లేస్తుంది,
కింది పలక కదలదు.
మీటలు మెత్తన.
రాత్రి రెండింటికి పట్టుబడిలో
ఐసునీళ్ల వేళ్లతోనే కొట్టాను.
తొమ్మిది ఒక్కటే కాసేపు అలిగింది,
తెల్లారేసరికి మళ్లీ మాట్లాడింది.
ఫ్యాను చప్పుడు లేదు.
నిజానికి తెలీదు,
పక్కన నాలుగు ఏరియేటర్లు తిరుగుతున్నాయి.
చార్జింగు: పొద్దున ఆరింటికి భీమవరంలో నిండుగా,
రాత్రి తొమ్మిదికి ఇంకా పద్నాలుగు శాతం.
నాలో అంత మిగల్లేదు.

ఎండలో తెర ఎలా ఉందంటే,
మిట్టమధ్యాహ్నం మొగల్తూరు చెరువు గట్టు మీద
అంకెలు కనబడలేదు, నా మొహం కనబడింది.
బొమ్మిడి సత్తెయ్య తలపాగా విప్పి
నా తలకీ తెరకీ కలిపి కప్పాడు.
ఆ తువ్వాలు నీడలో ఇద్దరం చూశాం.
కౌంటు ముప్పై రెండు కాదు, నలభై ఒకటి.
ధర దానంతటదే దిగిపోయింది.

చాలా వేగం, ఈ యంత్రం.
పాతదయితే ఆ గుండ్రటి చక్రం తిరిగినంతసేపూ
ఆయన కొంచెం ఆశపడేవాడు,
నేను మంచినీళ్లు అడిగేదాన్ని,
మా ఇద్దరికీ ఏదో ఒక మాట దొరికేది.
ఇప్పుడు రెప్పపాటు కూడా లేదు.
తువ్వాలు దులిపి భుజాన వేసుకుని
"మిషను మంచిదేనండీ" అన్నాడు.

నర్సాపురం రేవులో పంటు ఎక్కుతుంటే
గోదారి పోటు మీదుంది.
పలక ఎగిరింది, బండి ఒరిగింది,
సంచీ వెళ్లి ఇనప రేకు మీద పడింది.
అందరూ అయ్యో అన్నది నన్ను చూసి,
నేను తెరిచి చూసింది దాన్ని.
మూల మీద వడ్లగింజంత సొట్ట.
వెలిగింది.
సఖినేటిపల్లి ఒడ్డు దగ్గరపడ్డాక గానీ
నా మోకాలు చీరుకుందని తెలియలేదు.

రెండో వారంలో ఇంకో సంగతి తెలిసింది.
పాతది మోయలేక ఆఫీసులోనే వదిలేసేదాన్ని.
"రేపు చూస్తానండీ" అంటే
రేపే చూసేదాన్ని.
ఇది తేలిక.
కూరగాయల సంచీలో పడుతుంది,
ఆదివారం బైబిలు పక్కన పడుతుంది,
రాత్రి మంచం మీద పిల్ల కాళ్ల దగ్గర
వెచ్చగా, సద్దు చేయకుండా, మేలుకుని ఉంటుంది.
పదకొండింటికి ఫోను మోగుతుంది:
"దగ్గరే ఉందిగా అమ్మా, ఒక్కసారి చూడు."
తేలేదని చెప్పడానికి
బరువనే సాకు కూడా పోయింది.

దీనికి నివేదికలో గడి లేదు.
మన్నిక దగ్గర పదికి తొమ్మిది వేశాను.
ఆ ఒక్కటీ అలిగిన మీటకి.
తెర దగ్గర ఏడు; తువ్వాలు ఉంటే ఎనిమిది.
పన్నెండు మంది కుర్రాళ్ల పేర్లు
ఒక్కొక్కటీ మనసులో చదువుకున్నాను,
వాళ్ల రాత్రుళ్లు కూడా.
బరువు గడి దగ్గర చాలాసేపు ఆగాను.

చివరికి కేజీ నూట పది అని రాసి
పక్కన చిన్న అక్షరాలతో
దావీదు మాటే చేర్చాను:
తడి తీసేయలేదు.