మేము

ఇలోయిలోలో రాత్రి పదకొండు.
విన్నిపెగ్‌లో కుర్చీల కొట్టు
ఇప్పుడే తలుపు తీస్తోంది.
"శుభోదయం" అని టైపు చేస్తుంది రోసెల్డా.
గోడమీద బల్లి పలకదు.

మంచు ఎన్నడూ తొక్కని కాళ్లు బల్లకింద ముడుచుకుని
"రోడ్లు జారుతున్నాయి, నెమ్మదిగా రండి" అంటుంది.

ఎవరో ఒకావిడ, కొన్న వారానికే
కోడు విరిగిందని పెద్దక్షరాల్లో అరుస్తోంది.
"మేము చాలా చింతిస్తున్నాం."
గంటకు నాలుగు డాలర్లు ఈ చింతకు.
ఆవిడ చల్లబడితే ఒక ఎర్ర గుండె బొమ్మ,
అది జీతంలో కలవదు.

మొన్న జనాభా లెక్కల కుర్రాడు
వృత్తి గడి దగ్గర ఆగిపోయి
పెన్ను మూత కొరికాడు.
"ఒక కొట్టుకి గొంతుని" అంది.
"ఇతరములు" అని రాసుకున్నాడు.

ఆమె భాషలోనూ, మనకిలాగే,
మేము వేరు, మనం వేరు.
ఇంగ్లీషుకి రెంటికీ ఒక్కటే మాట.
దాని వెనక ఎంతమంది ఉన్నారో
బయటివాళ్లకి తెలీదు.
ఒక్కత్తే ఉన్నా తెలీదు.

తెల్లవారుజామున కరెంటు పోయింది.
లేవబోతుంటే తన కుర్చీకే,
తీగతో బిగించుకున్న కోడు ఊడింది.
"మేము చాలా..." అనబోయి
నాలుక కరుచుకుని
చీకట్లో తీగ కోసం తడుముకుంది.