తిరగేసి చూస్తే

నేసేది బోపె మామ.
మగ్గం దిగిన రాఫియా గుడ్డ
చెక్కలా బిర్రబిగిసి ఉంటుంది.
నానేసి, రోట్లో వేసి దంచాలి.
అది ఆడవాళ్ల పని.
మెత్తబడేలోపు ఎక్కడో ఒకచోట పిగులుతుంది.

తొమ్మిదేళ్లప్పుడు
రోకలి అంచు తగిలించి
వేలు దూరేంత చిల్లు పెట్టాను.
న్గోకాడి అవ్వ ఏమీ అనలేదు.
అబద్ధం. పొద్దుగూకేదాకా తిట్టింది.
ఆ తర్వాత సూదిలో నార ఎక్కించి
చిల్లు మీద కుక్కతోక ఆకారంలో
మాసిక వేసింది.
పక్కన ఇంకోటి.
దానికెదురు, తలకిందులుగా మరోటి.
ఇక చెయ్యి ఆగలేదు.

ఇలెబో రేవు నుంచి వచ్చిన బేరగాడు
ఈ వంకరలకు అర్థమేమిటని అడిగాడు.
"చిల్లు," అంది అవ్వ.
అతను పుస్తకంలో
చాలాసేపు ఇంకేదో రాసుకున్నాడు.

నిన్న ఆ గుడ్డే ఆమెకు చుట్టాం.
నారగుడ్డ లేకుండా వెళితే
అవతలి చుట్టాలు గుర్తుపట్టరట.
చుట్టేముందు,
తుకులా ఎరుపంటిన చేతులతో
తిరగేసి లెక్కపెట్టాను.
పైన నలభై ఒక్క మాసికలు.
కింద చిల్లులు మూడే.
తక్కిన ముప్పై ఎనిమిదీ
ఏ దెబ్బా తినని గుడ్డ మీద!

ఆ మూడింటిలో నాదేదో
వేలు పెట్టి చూద్దామనుకున్నాను.
వేలు ఇప్పుడు పట్టదు.
ఎండెక్కుతోందని పిన్ని కేకేసింది.

ఇవాళ మామ కొత్త గుడ్డ దింపాడు.
నానింది.
రోకలి అందుకున్నాను,
అంచు ఎటుందో చూసుకోకుండానే.