ఒక చేట బాకీ

ముందు పుట్టిన ముగ్గురూ నెల తిరక్కుండా పోతే
నాలుగోవాణ్ణి చేటలో పడుకోబెట్టి
పెంటకుప్ప దగ్గర తవుడుకి అమ్మేశారు.
కొన్నది బారువ రోడ్డులో కొబ్బరిపీచు ఒలిచే సుగ్గు పోలమ్మ.
అందుకే వాడు తవిటినాయుడు.
చావు వచ్చి, చూసి,
తవుడుకి దొరికిన సరుకేలే అని
వదిలేసి పోయిందట.

నాకు తెలిసేసరికి వాడికి ఒక పాత లూనా,
సోంపేట కాంప్లెక్సు పక్క ఎస్‌టీడీ బూత్‌లో అరువు.
టేపుని పాలిథిన్ సంచిలో చుట్టి
విశాఖ బస్సు డ్రైవరు చేతిలో పెట్టేవాడు,
చంటిబిడ్డని అప్పగించినట్టు.
కెమెరా నాది. పెళ్ళిళ్ళకి కొన్నది.

హైదరాబాద్ వెళ్ళాక పేరు పొట్టిదైంది.
తెర మీద టి. నాయుడు.
డెస్కు, బులెటిన్, ఇన్‌పుట్, అవుట్‌పుట్ –
కుర్చీ మారినప్పుడల్లా
గొంతులోంచి మన యాస కొంత రాలిపోయేది.
"ఏటిరా" పోయి "ఏంట్రా" వచ్చింది,
తర్వాత "చెప్పండి".
న్యూస్ హెడ్ అయ్యాక వాడు ఫోనే చెయ్యలేదు,
వాడి తరఫున ఎవరో అమ్మాయి చేసేది.

గురువారం గురువారం రేటింగులు వస్తాయట.
ఆ రోజు వాడి మొహం చూసి
టీ కుర్రాడు పంచదార వేసేవాడట.

నేనిక్కడ ఉద్దానం నుంచి పంపుతూనే ఉన్నాను:
డయాలసిస్‌కి తెల్లారగట్ల ఆటో ఎక్కేవాళ్ళు,
ఒకే వీధిలో ఏడు ఇళ్ళు, ఏడు ఆస్పత్రి ఫైళ్ళు.
అవన్నీ తెర అడుగున పాకుతూ పోయేవి
బంగారం ధరకీ, ఎవరిదో నిశ్చితార్థానికీ మధ్య.

తుఫానప్పుడు మాత్రం తనే చేశాడు, నాలుగేళ్ళ తర్వాత.
"ముసలామె కావాలి. పడిన చెట్టు కావాలి. ఏడవాలి."
దొరికింది. పడిన చెట్లు లెక్కపెడుతోంది. ఏడవట్లేదు.
పంపితే, మళ్ళీ తియ్యమన్నారు.
"ఒకపాలి ఏడు అమ్మా" అన్నాను, సిగ్గులేకుండా.
"నూటపదారు దాకా వచ్చినాను,
లెక్క తప్పించేసినావు కదరా" అని
అప్పుడు ఏడ్చింది.

ఆ ఏడుపు చుట్టూ ఎర్ర గీత గీసి, వయొలిన్ కలిపి
రోజంతా తిప్పారు.
ఎన్నోసారి తిరిగినప్పుడు గుర్తుపట్టాడో,
రాత్రి పదకొండున్నరకి ఫోన్.
మాట లేదు. వాడి గదిలో తెరలన్నింట్లోనూ
ఆవిడే ఏడుస్తోంది, నాకు వినబడుతోంది.
"పోలమ్మమ్మేనా?" అన్నాడు చివరికి.
అవునన్నాను.
తెల్లారాక కూడా తిప్పారు.
ఆ వారం మొదటి స్థానం.

ఆ తర్వాత యాజమాన్యం మారింది.
కొత్తవాళ్ళు వాడికి ఏం ఖరీదు కట్టారో గాని
ఒక ఉదయం గుమ్మం దగ్గర కార్డు గీస్తే
తలుపు తెరుచుకోలేదు.

మొన్న వచ్చాడు.
మోకాలెత్తు కొబ్బరి మొక్కల మధ్య నుంచి నడిచి.
పోలమ్మ ముంజేతి మీద సూదుల వాపు.
దాన్నే చూస్తూ కూచుని, కూచుని,
"నన్నెంతకి కొన్నావే?" అన్నాడు.

"రెండు చేటలకి బేరం.
ఒక చేటే ఇచ్చినాను. రెండోది బాకీ.
మీయమ్మ పోనాది గాని బాకీ పోద్దేటి?
ఇప్పుడు తవుడెక్కడిదిరా, మిల్లోళ్ళు లారీలకెత్తి
నూనె కంపెనీకి తోలేత్తన్నారు."

వాడు నవ్వాడు, బూత్‌లో అరువు పెట్టిన రోజుల నవ్వు.
"ఏటే, అయితే సగం నీవోణ్ణేనా?" అన్నాడు.

ఛానల్ నాకివ్వాల్సిన తొమ్మిది నెలల బిల్లు
మడత పెట్టి జేబులోనే ఉంది.
ఆ పూట తియ్యలేదు.