కర్త లేని వాక్యం

మొదట అది ఒక మనిషి మాట.
బంగారుపాళ్యం అవతల తోతాపురి తోటకు కావలి రెడ్డెప్ప
తెల్లారుజామున వీఆర్వో తలుపు కొట్టి అన్నాడు:
"కొండ మింద ఎర్రలైటు తిరగతా ఉండాది సామీ.
మూడు దినాలుగా చూస్తా ఉండా.
సప్పుడు లేదు. మా కుక్క మాత్రం మొరగతా ఉండాది."

వీఆర్వో రాసుకున్నప్పుడే కుక్క పోయింది.
తహసీల్దారు దగ్గర కొండకు సర్వే నెంబరు వచ్చింది.
చిత్తూరు కలెక్టరేటులో నా బల్ల చేరేసరికి
రెడ్డెప్ప 'విశ్వసనీయ స్థానిక వర్గం' అయినాడు.
నేను అముదవల్లిని, సి సెక్షన్ సీనియర్ అసిస్టెంటును.
ఎడమ మూల 'అతి రహస్యం' ముద్ర కొట్టి
దాని పక్కనే టీ గ్లాసు పెట్టిన దాన్ని.
ఆ గుండ్రటి మరక ఢిల్లీ దాకా పోయింది.

పదకొండు గంటలకు సమన్వయ సమావేశం.
వేసవిలో మా నీవా నది లాంటిది:
గట్లు రెండూ ఉంటాయి, నడుమ పారేదే ఉండదు.
పోలీసాయన తన కాగితం బోర్లించి పెట్టినాడు.
అటవీశాఖాయన తన దాని మీద మోచేయి ఆనించినాడు.
రైల్వే ఆయన బాధ్యత ప్లాట్‌ఫారం అంచు దాకానే.
ఇంటెలిజెన్సాయన నవ్వినాడు. అదే ఆయన నివేదిక.
వేలూరు నుంచి ఫోను రావాలి, రాలేదు.
కోలారు నుంచి వచ్చింది,
మేమూ మిమ్మల్నే అడుగుదామనుకున్నాం అని.

కలెక్టరమ్మ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది.
"మీకు తెలియనిదేందో ఒక్కొక్కరే చెప్పండి" అన్నది.
చాలాసేపు ఫ్యాను చప్పుడు.
ఆ తర్వాత, బోర్లాపడిన కాగితం వెల్లకిలా తిరిగింది.

మినిట్స్‌లో నేను రాసింది మాత్రం ఇంతే:
'కూలంకషంగా చర్చించిన మీదట
పైవారికి నివేదించుటకు తీర్మానించడమైనది.'
ఎవరు తీర్మానించినారు?
మా నాయన తెలుగు అయ్యవారు,
వాక్యంలో కర్త కనబడకపోతే చెవి మెలేసేవాడు.
డమైనది, డమైనది,
ఎంత మెత్తని దిండు! ఎన్ని తలలు దాని మీద ఆనుకుంటాయో.

ఢిల్లీలో ఆ గదిని నేను చూడలేదు.
అక్కడా ఒక పొడుగాటి బల్ల ఉంటుంది.
మూడు దళాల వారి మూడు పటాల్లో
మా కొండ మూడు రంగుల్లో ఉంటుంది.
ఖజానా ఆయన ఖర్చెంతంటాడు,
విదేశాంగమాయన పొరుగువాళ్ళేమంటారంటాడు,
అందరి మాటా విని ప్రధానికి ఒక్క పేజీలో చెప్పాల్సిన సలహాదారు
కళ్ళద్దాలు తుడుచుకుంటాడు.
ఏ మూలనో నాలాంటిది ఒకతి
ఈ మరక ఎవరిదబ్బా అనుకుంటూ రాసుకుంటుంది.

ఇన్ని మెట్లెందుకని నాకూ విసుగే.
కానీ ఒక రాత్రి నిద్రపట్టక అనుకున్నా:
ఒక్కడి భయం నేరుగా ఇంకొక్కడి వేలి దగ్గరికి చేరితే
ఆ వేలు ఏ మీట నొక్కుతుందో.
మేమందరం ఉన్నది దాన్ని చల్లార్చడానికేమో,
టీ తిరగబోసినట్టు, గ్లాసులోంచి గ్లాసులోకి.
తిరగబోసేటప్పుడు కొంచెం ఒలుకుతుంది.
ఒలికింది కుక్క.

పందొమ్మిదో నాడు ఉత్తర్వు దిగింది. రెండు పంక్తులు.
అన్ని శాఖలూ పరస్పర సమాచారంతో
అప్రమత్తంగా ఉండవలెనని ఆదేశించడమైనది.
ఎక్కిన మెట్లే దిగుతుందిలే అని ఊరుకోవచ్చు.
ఆదివారం పలమనేరు బస్సెక్కినాను.

కోతలైపోయినాయి. తోటంతా జీడివాసన.
రెడ్డెప్ప విన్నాడు. "అంటే ఏందమ్మా?"
"మేలుకోని ఉండమన్నారు."
"నేనెప్పుడు పండుకున్యా?"
కాసేపాగి, కండువాతో మెడ తుడుచుకుని,
"లైటు కనబడక వారమాయె.
ఇది మాత్రం ఇంకా ఆ పక్కకే చూస్తా ఉండాది.
ఇది రాసినారా?"

బస్సు టికెట్టు వెనక రాసుకున్నా:
కుక్క. పడమర దిక్కు.
ఏ ఫైలులో పెట్టాలో ఇంకా తేలలేదు.