పచ్చిది

గరివిడి స్టేషను దాటేక
మాంగనీసు బుగ్గి పడ్డ గట్టు మీద
ఎవులూ నాటని కామంచి.

గవరమ్మ కోస్తాది, ఒడినిండా ఆకు.
నోరు పూసినోళ్ళకి ఉడకబెట్టి,
ఆ నీళ్ళు పారబోసి, పప్పులో.
"పండు నల్లబడాల. పచ్చిది ఇసం.
పిట్టని సూడు, నల్లవే ఏరతాది" అంటాది
ప్రతిసారీ, అడక్కపోయినా.

తర్వాత తెలిసింది:
ఆరేళ్ళ తన గుంటడు పచ్చికాయలు తిన్న సాయంత్రం
చీపురుపల్లి ఆస్పత్రి దాకా రిక్షాలో
వాడి కనుపాపలు
పెద్దవవుతూనే ఉన్నాయట.

బతికేడు. ఇప్పుడు లారీ తోల్తాడు.
కామంచి మాత్రం ముట్టడు.

నిన్న నా అరచేతిలో నాలుగు పళ్ళు పోసింది.
ఒకటి ఇంకా సగం ఆకుపచ్చ.
నా ముఖం చూసి
దాన్ని తీసి, గోటితో చిదిమి,
చెయ్యి చీరకి తుడుచుకుంది
రెండుసార్లు.